మూసిన పిరమిడ్‌కు తలుపు వెతకడం: బడి మైదానంలో పిల్లలతో చేయించే విధానం

చంద్రపూర్ జిల్లాలో రాజురా, బల్లార్‌పూర్, గడ్‌చాందూర్ వైపు బొగ్గు గనుల్లోనో సిమెంటు కర్మాగారాల్లోనో పని చేస్తూ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు బడిలో మరాఠీలోనో ఇంగ్లీషులోనో పాఠాలు చదువుకొని ఇంట్లో తెలుగు మాట్లాడతారు. సెలవు రోజుల్లో వారిని కూర్చోబెట్టి తెలుగు చదివించేవారు, బడి ప్రదర్శనలకు వారిని సిద్ధం చేసే ఉపాధ్యాయులు ఈజిప్టు పిరమిడ్ల ప్రస్తావన రాగానే మమ్మీలు, శాపాలు, నిధులు అన్న దారి పట్టడం పరిపాటి. ఆ కథల కంటే పిల్లల బుద్ధికి ఎక్కువ పని పెట్టే ప్రశ్న ఒకటుంది: నాలుగు వైపులా రాయి తప్ప మరేమీ కనిపించని కట్టడంలోకి మనుషులు దారి ఎలా కనుక్కొన్నారు? 1818లో జొవాన్ని బెల్జోని ఖఫ్రే పిరమిడ్ ద్వారాన్ని వెతికి పట్టుకొన్న క్రమాన్ని పిల్లలు తమ కళ్లతో, చేతులతో, కొలతలతో మళ్లీ అనుసరించేలా ఒక రోజు కార్యక్రమం నడపడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను. ఐదో తరగతి నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివే పిల్లలకు ఇది సరిపోతుంది.

కావలసిన సామాను తక్కువే. పొడవాటి కొలత టేపు, సుతిలి తాడు, మేకులు, మైదానంలో గీతలు గీయడానికి సున్నపు పొడి, పది పన్నెండు తట్టల మొరం, నాలుగైదు తట్టల కంకర, మూడు నల్లరాతి ముక్కలు, కొన్ని బండలు, చీపురు పుల్లలు, గళ్ల కాగితాలు ఉంటే చాలు. ఈ ప్రాంతంలో సున్నపురాయి ముక్కలు సులభంగా దొరుకుతాయి కాబట్టి, బండలుగా వాటినే తెచ్చుకోవడం మంచిది. పిరమిడ్లలో అత్యధిక భాగం కట్టింది కూడా సున్నపురాయితోనే అని చెప్పినప్పుడు పిల్లలు చేతిలోని రాయిని తిప్పి తిప్పి చూస్తారు.

నడిపేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతులు

కైరో నగరానికి దగ్గరలో గీజా పీఠభూమి మీద మూడు పెద్ద పిరమిడ్లున్నాయి. వాటిలో అన్నిటికంటే పెద్దదైన ఖుఫూ పిరమిడ్ లోపలి దారులు బెల్జోని కాలానికి ఎన్నో శతాబ్దాల ముందు నుంచే తెరిచి ఉన్నాయి. దాని పక్కనున్న ఖఫ్రే పిరమిడ్ మాత్రం మూసి ఉండేది. దాని కింద గదులు లేవని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో రాసిన మాటను ఐరోపా పండితులు చాలాకాలం నమ్మారు.

1778లో ఇటలీలోని పాడువాలో పుట్టిన బెల్జోని శిక్షణ పొందిన పండితుడు కాడు. లండన్ ప్రదర్శనశాలల్లో బలశాలిగా పేరు తెచ్చుకొని, నీరు తోడే యంత్రాన్ని ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీకి అమ్మజూపడానికి 1815లో అక్కడికి వెళ్లి, ఆ ప్రయత్నం ఫలించక, బ్రిటిష్ కాన్సల్ హెన్రీ సాల్ట్ తరఫున బరువైన శిల్పాలను తరలించే పనిలో కుదిరాడు. 1817లో అబూ సింబెల్ ఆలయాన్ని ఇసుక తొలగించి తెరిచాడు. అదే ఏడు ఈజిప్టు రాజుల సమాధులున్న రాజుల లోయలో మొదటి సేతి అనే రాజు సమాధిని కనుక్కొన్నాడు. ఈ పరిచయాన్ని నాలుగు వాక్యాల్లో ముగించి పనిలోకి దిగాలి. అతని శరీర బలాన్ని గురించి ఎక్కువ చెబితే, తలుపు కండబలంతో దొరికిందన్న భావన పిల్లల్లో నాటుకొంటుంది. నిజానికి అది దొరికింది పోలిక వల్ల.

ముందుగా ఉత్తరం పట్టుకోవడం

ఈజిప్టులో ఆ కాలపు పిరమిడ్ల ద్వారాలు సాధారణంగా ఉత్తర ముఖాన ఉంటాయి. ఉత్తరాకాశంలో ఎన్నడూ అస్తమించకుండా ధ్రువం చుట్టూ తిరిగే నక్షత్రాలను ఆ ప్రజలు నాశనం లేనివిగా భావించారు. మరణించిన రాజు వాటిని చేరుకోవాలని కోరుకొన్నారు. కాబట్టి వెతుకులాట ఉత్తరం గుర్తించడంతో మొదలవ్వాలి. ఫోనులోని దిక్సూచి కంటే నీడ పద్ధతి ఇక్కడ మేలు, ఎందుకంటే అందులో పిల్లలు చూసి తెలుసుకొనే పని ఉంది.

ఉదయం తొమ్మిది గంటలకల్లా చదునైన చోట ఒక గుంజను నిటారుగా పాతాలి. నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి సరిచూడాలి. గుంజ నీడ కొన ఉన్న చోట గుర్తు పెట్టి, గుంజ మొదలును కేంద్రంగా, ఆ గుర్తు వరకు ఉన్న దూరాన్ని వ్యాసార్ధంగా తీసుకొని సుతిలి తాడుతో వృత్తం గీయాలి. ఎండ ఎక్కేకొద్దీ నీడ కురచై వృత్తం లోపలికి పోతుంది. మధ్యాహ్నం దాటాక మళ్లీ పెరుగుతూ వచ్చి వృత్తాన్ని మరోచోట తాకుతుంది. అక్కడ రెండో గుర్తు పెట్టాలి. రెండు గుర్తులను కలిపే గీత తూర్పు పడమరలను చూపుతుంది. ఆ గీతను సగం చేస్తూ గుంజ మొదలు గుండా పోయే గీత ఉత్తర దక్షిణాలను చూపుతుంది. దీనికి ఒక పగలు పడుతుంది కాబట్టి ముందు రోజే చేసి పెట్టుకోవాలి. ఖుఫూ పిరమిడ్ భుజాలు నిజమైన దిక్కులతో డిగ్రీలో పదో వంతు తేడా కూడా లేకుండా కుదిరాయని ఇక్కడే చెబితే, దిక్సూచి లేని కాలంలో ఆ పని ఎంత శ్రద్ధతో జరిగిందో పిల్లలకు తమ వృత్తం చూసుకొన్నప్పుడు అర్థమవుతుంది.

ముందు రోజు సాయంత్రం పిల్లలు వస్తే ఆకాశం కూడా చూపించవచ్చు. ధ్రువ నక్షత్రం మనం నిలుచున్న చోటి అక్షాంశమెంతో దాదాపు అన్ని డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. రాజురాలో అది సుమారు 20 డిగ్రీలు, గీజాలో 30 డిగ్రీలు. ఖుఫూ కాలంలో ధ్రువానికి దగ్గరగా ఉన్నది ఈనాటి ధ్రువ నక్షత్రం కాదు. భూమి అక్షం నెమ్మదిగా తిరగడం వల్ల ఆ స్థానం మారుతూ వచ్చింది. పెద్ద తరగతుల పిల్లలకు ఇంతవరకు చెప్పవచ్చు.

ముఖం గీయడం, రాళ్లు పోయడం

ఖఫ్రే పిరమిడ్ అసలు భుజం సుమారు 215 మీటర్లు, అసలు ఎత్తు సుమారు 143.5 మీటర్లు. ఇరవయ్యో వంతు కొలతలో భుజం 10.75 మీటర్లు, ఎత్తు 7.2 మీటర్లు అవుతుంది. ఉత్తర ముఖాన్ని ఎదురుగా నిలబడి చూసినట్టు, ఈ కొలతలతో నేల మీద సున్నపు పొడితో త్రిభుజం గీయాలి. ముఖం వాలుగా ఉంటుంది కాబట్టి ఇది ఎదుటి నుంచి కనిపించే ఆకారమే తప్ప ముఖం అసలు పొడవు కాదని పెద్ద పిల్లలకు చెప్పాలి.

గీసేటప్పుడు ఒక విషయంలో జాగ్రత్త పడాలి. త్రిభుజం అడుగు గీత ఉత్తరం వైపున, శిఖరం దక్షిణం వైపున ఉండాలి. అప్పుడు అడుగు గీత దగ్గర నిలబడి శిఖరం వైపు చూసే పిల్లవాడు, పిరమిడ్ ఉత్తర ముఖం ఎదుట నిలబడిన బెల్జోనిలాగే, దక్షిణానికి తిరిగి ఉంటాడు; అతని ఎడమ చేయి తూర్పు. పటాల్లో తూర్పు ఎప్పుడూ కుడివైపు ఉండడం అలవాటైన పిల్లలు ఇక్కడ దాదాపు అందరూ కుడికి చేయి చూపుతారు. వెంటనే సరిదిద్దకుండా, నీడతో గీసిన తూర్పు పడమర గీత దగ్గరకు వెళ్లి చూసి రమ్మనాలి.

ఇక రాళ్ల గుట్ట. పిరమిడ్లకు ఒకప్పుడు నున్నటి సున్నపురాతి పైతొడుగు ఉండేది. కైరోలో కట్టడాల కోసం మధ్యయుగంలో దాన్ని ఊడదీసుకుపోయారు; ఖఫ్రే పిరమిడ్ శిఖరం దగ్గర కొంత భాగం ఇప్పటికీ మిగిలి ఉంది. ఊడదీసినప్పుడు పడిన ముక్కలు, గచ్చు అడుగున గుట్టలుగా పేరుకొన్నాయి. గచ్చు మంచుకు తడిసి, ఆరి, రాళ్లను ఒకటిగా పట్టేసింది. బెల్జోని పనివాళ్ల పనిముట్లు దాని మీద ఆగలేదు. అయితే ఉత్తర ముఖం మధ్యలో ఒకచోట గుట్ట కొంత గుంటపడినట్టు, అక్కడి రాళ్లు మిగతాచోట్ల కంటే వదులుగా ఉన్నట్టు అతను గమనించాడు. పైతొడుగు ఊడదీసిన తరువాత కూడా పైనుంచి రాళ్లు జారిపడి ఏదో మూసుకుపోయిందన్న అనుమానం అతనికి అక్కడే కలిగింది.

ఈ తేడాను పిల్లల చేతికి తెలిసేలా తయారు చేయాలి. త్రిభుజం అడుగు గీత వెంబడి, పైకి ముప్పావు మీటరు వెడల్పున మొరం, కంకర పరిచి, సున్నం కలిపిన నీళ్లు చల్లి దిమ్మిస కొట్టి రాత్రంతా ఆరనివ్వాలి. రెండు చోట్ల మాత్రం నీళ్లు చల్లకుండా, దిమ్మిస కొట్టకుండా కొద్దిగా గుంటగా వదిలేయాలి: ఒకటి సరిగ్గా మధ్యలో, మరొకటి మధ్యకు తూర్పుగా 46 సెంటీమీటర్ల దూరంలో. మధ్య గుంట కింద రెండు బండలను వాటి నడుమ వేలు దూరేంత సందుతో పెట్టాలి. సందు వెనుక కొంత ఖాళీ ఉండాలి. తూర్పు గుంట కింద, అడుగు గీత నుంచి 57 సెంటీమీటర్ల పైన, మూడు నల్లరాతి ముక్కలను గడప లేని తలుపు చట్రంలా, రెండు పక్కల రెండు, పైన ఒకటి పెట్టి కప్పేయాలి. ఇదంతా పిల్లలు లేనప్పుడు జరగాలి.

తప్పుదారి కూడా నడిపించాలి

తలుపు చోటును నేరుగా చూపించేస్తే ఈ కార్యక్రమానికి అర్థం పోతుంది. మొదట పిల్లలను గుట్ట పొడవునా నడిపించి, చేత్తో నొక్కి చూసి, ఏది గట్టిగా ఉంది, ఏది వదులుగా ఉందో పుస్తకంలో రాయమనాలి. తవ్వడానికి ముందే ఈ రాత పని పూర్తి కావాలి. నోటుపుస్తకం చూపించనివారికి పార ఇవ్వకూడదు. ఆ తరువాత మధ్య గుంటను తవ్వించాలి, ఎందుకంటే బెల్జోని కూడా ముందుగా అక్కడే తవ్వించాడు.

అతను 80 మంది స్థానిక అరబ్బు పనివాళ్లను కుదుర్చుకొని, 40 మందిని తూర్పు వైపు ఆలయ శిథిలాల దగ్గర, 40 మందిని ఉత్తర ముఖం దగ్గర పెట్టాడు. రెండు వారాలకు పైగా ఫలితమేమీ కనిపించలేదు. ఫిబ్రవరి 17న ఉత్తరం వైపు తవ్వుతున్న పనివాడొకడు రాళ్ల నడుమ చేయి దూరేంత కన్నం కనిపించిందని కేక వేశాడు. ఆరు అడుగుల ఖర్జూరపు మట్ట అందులోకి పూర్తిగా పోయింది. ఆ కన్నాన్ని గుర్తించిన పనివాడి పేరు చరిత్రకు అందలేదు. అయినా ఆ చూపు అతనిదని పిల్లలకు తప్పక చెప్పాలి. మన ఆటలో ఈ ఘట్టం చీపురు పుల్లతో జరుగుతుంది. పుల్ల సందులోకి పోగానే పిల్లలు గెలిచామనుకొంటారు. అలా అనుకోనివ్వాలి.

బెల్జోని దొరికించుకొన్నది మాత్రం అసలు దారి కాదు. పూర్వం ఎవరో లోపలికి పోవాలని రాళ్లు బద్దలుకొట్టి తొలిచిన సొరంగం అది. పైనుంచి రాళ్లు ఊడిపడుతూ పనివాళ్ల ప్రాణానికి ముప్పు తెచ్చింది, చివరికి ఎటూ పోలేదు. అతను పని ఆపించాడు. పిల్లలు ఈ చోట రెండు మాటలు రాసుకోవాలి: కట్టినవారు చేసిన దారికి అంచులు తిన్నగా ఉంటాయి, బద్దలుకొట్టిన దారికి అంచులు గరుకుగా, వంకరగా ఉంటాయి. పాత కోట గోడల్లో కిటికీకీ, కూలి ఏర్పడిన కంతకూ ఉన్న తేడాను చంద్రపూర్ గోండు కోట దగ్గర ఎప్పుడైనా చూపించగలిగితే ఈ మాట వారికి బాగా పడుతుంది.

పక్క పిరమిడ్‌ను కొలవడం

ఇది కార్యక్రమానికి ప్రాణం. దీనికి కనీసం ఒక గంట కేటాయించాలి. సొరంగం వ్యర్థమని తేలాక బెల్జోని పార పట్టుకోలేదు. పక్కనే తెరిచి ఉన్న ఖుఫూ పిరమిడ్ దగ్గరకు వెళ్లి, దాని దారి ముఖం మీద ఎక్కడ మొదలవుతుందో, లోపల గదిని ఎక్కడ కలుస్తుందో మళ్లీ చూశాడు. ఖుఫూ పిరమిడ్ ద్వారం ఉత్తర ముఖం నడిమధ్యన లేదు. మధ్య గీతకు తూర్పుగా సుమారు 7.3 మీటర్ల దూరంలో ఉంది. లోపలి దారి రాజు గదిని నడుమన కాకుండా తూర్పు కొసన చేరుతుంది. అతని తర్కం ఇలా సాగింది: గది పిరమిడ్ మధ్యభాగంలో ఉండి, దారి దాని తూర్పు కొసను చేరేటట్లయితే, గది నడుమ నుంచి తూర్పు కొస వరకు ఎంత దూరమో, ముఖం మధ్య నుంచి ద్వారం కూడా దాదాపు అంతే దూరం తూర్పుగా ఉండాలి. రెండో పిరమిడ్‌లో అసలు గది అంటూ ఉంటే, దాని దారి తాను తవ్విన నడిమధ్యన ఉండదు. సుమారు 30 అడుగుల తూర్పున ఉండాలి.

పిల్లలకు ఈ తర్కాన్ని మాటల్లో చెప్పకుండా గీతల్లో పట్టుకోనివ్వాలి. ఖుఫూ పిరమిడ్ రాజు గది పొడవు సుమారు 10.5 మీటర్లు, వెడల్పు సుమారు 5.2 మీటర్లు. దాన్ని ఇరవయ్యో వంతులో 52 సెంటీమీటర్లు, 26 సెంటీమీటర్లుగా పొడవు తూర్పు పడమరలుగా ఉండేలా నేల మీద గీసి, ఉత్తరపు గోడ తూర్పు కొసకు ఒక దారి గీత కలపాలి. పక్కన ఖఫ్రే త్రిభుజం ఉంది. ఇప్పుడు ఒక్క ప్రశ్న వేయాలి: ఒకే వంశపు రాజులు, ఒకే చోట, తరం తేడాతో కట్టించుకొన్నవి కదా, మొదటిదాన్ని చూసి రెండోదాని తలుపు ఎక్కడుందో చెప్పగలరా? ఆ తరువాత నడిపేవారు మౌనంగా ఉండాలి. ఎవరో ఒకరు టేపు తీసుకొని మధ్య గీత నుంచి ఎడమవైపు కొలవడం మొదలుపెడతారు. 30 అడుగులు ఇరవయ్యో వంతులో ఎంతవుతుందో వారే లెక్క వేసుకోవాలి: 30 అడుగులంటే 914 సెంటీమీటర్లు, ఇరవయ్యో వంతు సుమారు 46 సెంటీమీటర్లు.

కొలిచిన చోట మేకు పాతాక, ఉదయం గట్టి, వదులు అని రాసుకొన్న పుస్తకాలు తెరిపించాలి. ఆ చోట కూడా గుట్ట గుంటగా, వదులుగా ఉందని అప్పుడే రాసి ఉంటారు, కానీ మధ్య గుంట మీద దృష్టి పోయి దాన్ని పట్టించుకొని ఉండరు. బెల్జోనికి కూడా సరిగ్గా ఇదే జరిగింది. లెక్క చూపిన చోటికి వెళ్లి చూస్తే, మొదటి చోట కనిపించిన గుర్తులే అక్కడా ఉన్నాయి. లెక్కా గుర్తులూ ఒకే చోటును చూపడంతో అతనికి ధైర్యం వచ్చింది.

లోపలికి

ఇక తూర్పు గుంటను తవ్వించాలి. ముందుగా ఒక నల్లరాయి, తరువాత మిగతా రెండూ బయటపడాలి. ఖఫ్రే పిరమిడ్ దగ్గర పనివాళ్లకు సున్నపురాళ్ల నడుమ పెద్ద గ్రానైట్ రాళ్లు మూడు కనిపించాయి. రెండు పక్కల, ఒకటి పైన, మూడూ పిరమిడ్ నడుమకు వాలుతూ ఉన్నాయి. రాయి జాతి మారడం, వాలు లోపలికి ఉండడం, ఈ రెండే అది ద్వారమని చెప్పిన సాక్ష్యాలు. 1818 మార్చి 2న ద్వారం తెరుచుకొంది.

లోపలి దారి ఎత్తు 4 అడుగులు, వెడల్పు మూడున్నర అడుగులు, పొడవు 104 అడుగులు, వాలు 26 డిగ్రీలని బెల్జోని కొలిచి రాశాడు. బడి బల్లలను మూడున్నర అడుగుల ఎడంతో రెండు వరుసలుగా పెట్టి, 4 అడుగుల ఎత్తున దుప్పట్లు కప్పి, పదిహేను అడుగుల పొడవైన దారి తయారు చేస్తే, పెద్దవాళ్లు అందులో నడుం వంచి దిగడం ఎలా ఉంటుందో తెలుస్తుంది. బొగ్గు గనిలో ఇంక్లైన్ దిగిన తండ్రులో తాతలో ఉన్న పిల్లలకు వాలుదారి, తక్కువ ఎత్తు, దీపం అన్న మాటలు కొత్త కావు. వీలైతే అలాంటి పెద్దమనిషిని పిలిపించి ఆ సంగతులు చెప్పించాలి.

దారి చివర బెల్జోనికి ఒక గ్రానైట్ పలక అడ్డు వచ్చింది, మందం 1 అడుగు 3 అంగుళాలు. అది గోడలో కలిసిపోయిన రాయా, పైకి జరిగే తలుపా? అతను పొడవాటి బార్లీ గడ్డి పుల్లను పలక పైనున్న సన్నని సందులోకి దూర్చి చూశాడు. అది మూడు అడుగులకు పైగా పైకి పోయింది. అంటే పలక పైకి లేస్తే పట్టడానికి పైన ఖాళీ ఉంది. ఇరుకు చోటులో కొద్దిమందే పని చేయగలిగే స్థితిలో గడ్డపారలతో పలకను కొద్దికొద్దిగా ఎత్తుతూ, కింద రాళ్లు దోపుతూ పోయారు. ఈ ప్రయోగాన్ని అట్టపెట్టెతో చేయించవచ్చు. రెండు పెట్టెలకు అట్ట పలకలు అమర్చి, ఒకదానిలో పలక పైన ఖాళీ గాడి ఉంచి, మరొకదానిలో ఆ చోటును బంకమన్నుతో పూడ్చేయాలి. రెంటికీ పైన సన్నని చీలిక ఉండాలి. ఏ పలక లేస్తుందో చీపురు పుల్లతోనే తేల్చి చెప్పమనాలి. తోయకూడదు, లాగకూడదు.

పలక సందు సరిపోగానే మొదట కొవ్వొత్తి పట్టుకొని లోపలికి పోయి చూసి వచ్చింది ఒక అరబ్బు పనివాడు; బెల్జోని ఆ తరువాత పోయాడు. ఆపైన లోపలి దారులు దాటితే పెద్ద గది. దాని పొడవు 46 అడుగుల 3 అంగుళాలు, వెడల్పు 16 అడుగుల 3 అంగుళాలు. దీన్ని తగ్గించకుండా అసలు కొలతల్లోనే మైదానంలో సున్నపు పొడితో గీయించాలి, ఎందుకంటే అప్పటివరకు చిన్న కొలతలతో పని చేసిన పిల్లలకు పిరమిడ్ పరిమాణం ఇక్కడే ఒంటికి తెలుస్తుంది. పడమటి కొసన నేలలో పాతిన గ్రానైట్ శవపేటిక ఉంది. మూత పగిలి ఉంది. అందులో దొరికిన ఎముకలు రాజువి కావు, ఎద్దువని తరువాత పరీక్షలో తేలింది.

గోడ మీద అరబ్బీ రాత కనిపించింది. మధ్యయుగంలోనే ఎవరో రాతిపనివారు ఈ గదిని తెరిచి చూసినట్టు అది తెలియజేస్తుంది. కాబట్టి బెల్జోనిని మొదట ప్రవేశించినవాడని పిల్లలకు చెప్పకూడదు. మరుగునపడిన దారిని మళ్లీ కనుక్కొన్నవాడని చెప్పాలి. అతను తన పేరు, తేదీ దక్షిణపు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించుకొన్నాడు, అవి ఇప్పటికీ ఉన్నాయి. నా అభిప్రాయంలో అది చేయరాని పని. పురాతన గోడల మీద పేర్లు రాయకూడదని పిల్లలకు ఇక్కడే గట్టిగా చెప్పాలి.

కాగితం మీద నిలువుకోత

మధ్యాహ్నం భోజనాలయ్యాక నీడలో కూర్చోబెట్టి గళ్ల కాగితం మీద పిరమిడ్ నిలువుకోత గీయించాలి. ఒక సెంటీమీటరును 10 మీటర్లుగా తీసుకొంటే భుజం 21.5, ఎత్తు 14.35 సెంటీమీటర్లు, కాగితాన్ని అడ్డంగా తిప్పుకొంటే సరిపోతుంది. 26 డిగ్రీల వాలుకు కోణమానిని అవసరం లేదు. రెండు గళ్లు ముందుకు పోయి ఒక గడి కిందికి దిగితే 26.6 డిగ్రీలు వస్తుంది. ప్రాచీన మేస్త్రీలకు కూడా ఇలా రెండుకు ఒకటి అన్న నిష్పత్తిని తాడుతో కొలిచి దించడమే సులువైన పద్ధతి అయి ఉంటుందని నా ఊహ.

గీశాక ఒక లెక్క ఇవ్వాలి. ద్వారం నేల నుంచి సుమారు 11.5 మీటర్ల ఎత్తున ఉంది. దారి సుమారు 32 మీటర్ల పొడవున రెండుకు ఒకటి వాలుతో దిగింది. దిగిన లోతు సుమారు 14 మీటర్లు. అంటే దారి అడుగు పిరమిడ్ కూర్చున్న నేల కంటే సుమారు రెండున్నర మీటర్ల కిందికి చేరింది. గది కింది భాగాన్ని సహజమైన రాతిలో తొలిచి, పైకప్పును సున్నపురాతి దూలాలతో అమర్చారని చెబితే, ఆ మాట నిజమేనని వారి గీతే చూపిస్తుంది. లెక్క సరిగ్గా కుదరని పిల్లల కాగితాన్ని చూస్తే, చాలాసార్లు వారు వాలు పొడవును అడ్డంగా కొలిచి ఉంటారు.

చెవి, ముక్కు, తీగ

సమయం మిగిలితే గీజాలో ఇతరులు వాడిన పద్ధతులను కూడా పరిచయం చేయవచ్చు. ఖలీఫా అల్-మామూన్ క్రీస్తు శకం 832లో ఈజిప్టు వచ్చినప్పుడు ఖుఫూ పిరమిడ్‌లోకి సొరంగం తొలిపించాడని చెబుతారు. రాయి తొలుస్తున్నప్పుడు లోపల ఎక్కడో రాయి ఊడిపడిన చప్పుడు విని పనివాళ్లు అటు తిరిగారన్నది సంప్రదాయంగా వస్తున్న కథ. కథ అని చెప్పే చెప్పాలి. చెవితో రాతిని చదవడం మాత్రం మన గనుల్లో రోజూ జరిగే పని: కప్పును కడ్డీతో తట్టితే గట్టి రాయి గణగణమంటుంది, ఊడిన రాయి డొల్లగా పలుకుతుంది. బండల కింద ఒకచోట ఖాళీ ఉంచి, మరోచోట మట్టి కూరి, కళ్లు మూసుకొని తట్టి చెప్పమంటే పిల్లలు త్వరగానే పట్టుకొంటారు.

1817లో కవిల్యా అనే ఇటలీ నావికుడు ఖుఫూ పిరమిడ్‌లోని బావిలాంటి దారిలో గాలి చెడిపోయి ఉండడంతో అక్కడ గంధకం కాల్చాడు. తరువాత దిగుడుదారిని శుభ్రం చేయిస్తున్నప్పుడు అదే గంధకపు వాసన వచ్చింది. ఆ రెండు దారులూ కలుస్తాయని అలా తెలిసింది. 1872లో వేన్‌మన్ డిక్సన్ అదే పిరమిడ్‌లో రాణి గది అనే మరో గది గోడలో సన్నని పగులులోకి తీగ దూర్చి, దాని వెనుక దాగిన సన్నని గొట్టం దారులను కనుక్కొన్నాడు. హోవర్డ్ వైజ్ మాత్రం 1837లో తుపాకీమందు వాడాడు. రాజు గది పైనున్న నాలుగు అరలు అతనికి దొరికిన మాట నిజమే, కానీ అదే పిరమిడ్ దక్షిణ ముఖాన అతను పేల్చిన గుంతలో ఏమీ దొరకలేదు, ఆ గాయం మాత్రం నేటికీ ఉంది. ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన చెప్పి, ఏ పద్ధతిలో పొరపాటును వెనక్కి తీసుకోగలమో పిల్లలనే తేల్చమనాలి.

ఒక హెచ్చరికను ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు. ఈ ఆట తరువాత పిల్లలకు కంతల మీద ఆసక్తి పెరుగుతుంది. మూతపడిన గనుల్లోకి, వదిలేసిన క్వారీల్లోకి, పాడుబడ్డ బావుల్లోకి దిగకూడదని, అక్కడ ఊపిరి ఆపేసే గాలి చేరి ఉంటుందని, రాళ్లు చెప్పకుండా ఊడిపడతాయని కార్యక్రమం మొదట్లో ఒకసారి, ఇంటికి పంపే ముందు ఒకసారి చెప్పాలి. తవ్విన గుంతలను పిల్లల చేతనే పూడ్పించి, మైదానాన్ని చదును చేయించాలి.

పెద్ద తరగతుల పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారని అడుగుతారు. ఆకాశం నుంచి నిత్యం కురిసే మ్యూయాన్ కణాలు రాతిని దాటేటప్పుడు కొన్ని ఆగిపోతాయి. ఖాళీ ఉన్న దిక్కు నుంచి ఎక్కువ కణాలు దాటి వస్తాయి. వాటిని లెక్కించి ఖుఫూ పిరమిడ్ పెద్ద దారి పైన ఒక పెద్ద ఖాళీ ఉందని 2017లో ప్రకటించారు. అసలు ద్వారం పైన ఉన్న వాలు రాళ్ల వెనుక కూడా ఖాళీ జాడ కనిపించడంతో, రాళ్ల నడుమ సందులోకి 6 మిల్లీమీటర్ల మందమైన కెమెరా గొట్టాన్ని దూర్చి చూశారు. సుమారు 9 మీటర్ల పొడవైన దారి కనిపించిందని 2023 మార్చి 2న వెల్లడించారు. పిల్లలు ఖుఫూ పిరమిడ్ నిలువుకోతను కూడా గీస్తే, ఉత్తర ముఖం మీద నేల నుంచి 17 మీటర్ల ఎత్తున అసలు ద్వారాన్ని గుర్తించి, దానికి కొంచెం పైన ఈ కొత్త దారిని చుక్కల గీతతో గీయించాలి. ఒక సెంటీమీటరుకు 10 మీటర్ల లెక్కన దాని పొడవు 9 మిల్లీమీటర్లు వస్తుంది.